మన గుంపు జాబులు అందరూ చదవగలిగేలా ఉండాలంటే ఏం చేయాలి?

గూడబాతు

సభ్యులందరికీ నమస్కారం. మన పక్షి పరిశీలకుల గుంపులో ఈమెయిల్ ద్వారా నడిచిన పాత జాబులన్నిటినీ మూడు వారాలుగా మొదటి నుంచి చదువుతున్నాను. నేలపట్టు, ఉప్పలపాడు, ఆటపాక, తేలినీలాపురం వంటి చోట్ల ఏ నెలలో ఏ పక్షులు గూళ్లు కట్టాయో మనవాళ్లు రాసిన సంగతులను ఒక పట్టికగా కూర్చాలన్నది నా ఆలోచన. సంగతులు తక్కువేమీ లేవు గాని, వాటిని జాబుల్లోంచి బయటికి తీయడం ఇంత కష్టమవుతుందని నేను అనుకోలేదు.

తేలినీలాపురం చెరువుకు ఒక ఏడాది గూడబాతులు (పెలికన్లు) ఎప్పుడు వచ్చాయో చెప్పే జాబు ఒక్కటే ఉంది. అది ‘దసరా శుభాకాంక్షలు’ అనే శీర్షిక కింద తొమ్మిదో జాబుగా పడి ఉంది. తెరిస్తే ఎనిమిది మంది శుభాకాంక్షలు, ఎనిమిది మంది సంతకాలు, గుంపు నుంచి తప్పుకోవడం ఎలాగో చెప్పే పాదసూచిక ఎనిమిదిసార్లు కనిపించాయి. వాటి నడుమ రెండే రెండు వాక్యాలు: ‘నిన్న సాయంత్రం తొలి జట్టు దిగింది. ఈసారి వారం ఆలస్యమైందని ఊరివాళ్లు అంటున్నారు.’ నాకు కావలసినది సరిగ్గా అదే. కానీ దానికోసం నేను రెండు రాత్రులు వెతికాను.

ఇంకొక జాబులో, నేలపట్టులో ఒకే చెట్టు మీద 11 గూళ్లు ఉన్నాయనీ, వాటిలో పిల్లలు ఇంకా ఎగరలేని స్థితిలో ఉన్నాయనీ రాసి, తేదీ 05/03/2019 అని వేశారు. రాసినవారు అమెరికాలో ఉంటారు. అది మార్చి 5 అయితే మామూలు సంగతే. మే 3 అయితే, అంత ఎండల్లో అంత చిన్న పిల్లలు ఉండడం ప్రత్యేకంగా నమోదు చేయవలసిన విషయం. జాబు పంపిన తేదీని బట్టి తేల్చుకుందామంటే, అది జూన్‌లో తీరికగా రాసిన జాబు.

మన జాబులను ఈ రోజు చదివేవారికే కాక, పదేళ్ల తరవాత వెతికేవారికి కూడా పనికివచ్చేలా రాయడానికి ఏమి చేయగలమో సభ్యులు ఆలోచించి చెప్పాలని కోరుతున్నాను.

లకుముకి

గూడబాతు గారూ, ఈ పని తలకెత్తుకున్నందుకు ముందుగా కృతజ్ఞతలు. నా ఉద్యోగం ఈమెయిల్ సర్వర్లతోనే కాబట్టి, ఈ తిప్పలు ఎక్కడినుంచి వస్తున్నాయో నాకు తెలిసినంతవరకు చెబుతాను.

మొదటిది శీర్షిక. చాలామంది కొత్త సంగతి రాయాలనుకున్నప్పుడు గుంపు చిరునామా కోసం పాత జాబు ఒకటి తెరిచి, ‘రిప్లై’ నొక్కి, పాత శీర్షిక చెరిపి కొత్తది రాస్తారు. అలా రాస్తే కొత్త జాబు అయిపోయిందనే అనుకుంటారు. నిజానికి ప్రతి జవాబులోనూ అది ఏ జాబుకు జవాబో చెప్పే గుర్తింపు సంఖ్య ఒకటి కంటికి కనబడని చోట ఉంటుంది. థండర్‌బర్డ్ వంటి ఈమెయిల్ ప్రోగ్రాములు ఆ సంఖ్యను చూసి జాబులను ఒకదాని కింద ఒకటి పేరుస్తాయి కాబట్టి, శీర్షిక మార్చినా ఆ జాబు పాత వరస కిందకే పోతుంది. జీమెయిల్ పద్ధతి వేరు. శీర్షిక మారితే అది వరసను తెంచేస్తుంది. అందుచేత ఒకే జాబు ఒకరికి కొత్త విషయంగానూ, మరొకరికి దసరా శుభాకాంక్షల తోకగానూ కనిపిస్తుంది. కొత్త సంగతికి కొత్త జాబు మొదలుపెట్టడం ఒక్కటే దీనికి మందు. దాని శీర్షికలో పక్షి, ఊరి పేరు, తేదీ వేస్తే తరవాత వెతికేవారికి సులువుగా దొరుకుతుంది. గుంపు చిరునామాను ఫోను కాంటాక్టుల్లో ఒక పేరుతో దాచుకుంటే పాత జాబు తెరవవలసిన అవసరమే రాదు.

రెండవది, పాత జాబు మొత్తాన్ని మోసుకు తిరగడం. 1995 అక్టోబరులో ఇంటర్నెట్ మర్యాదల గురించి వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 1855 అనే పత్రం, జవాబు రాసేటప్పుడు అసలు జాబులోంచి సందర్భం తెలియడానికి సరిపోయినంత మాత్రమే ఉంచమనీ, సంతకం నాలుగు పంక్తులు దాటకూడదనీ చెప్పింది. అప్పటికి ఫోను కాల్ నిమిషాలు లెక్కపెట్టుకుంటూ మోడెమ్‌తో జాబులు దించుకునేవారు కాబట్టి ఆ మాట పొదుపు కోసం అన్నట్టు అనిపించవచ్చు. తెలుగులో రాసేవారికి ఆ పొదుపు ఇప్పటికీ అవసరమే. యూనికోడ్‌లో (కంప్యూటర్లన్నిటికీ ఉమ్మడి అక్షర పద్ధతి, ఈమెయిల్లో దాని యూటీఎఫ్-8 రూపం వాడతారు) మన అక్షర సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటుంది, ఇంగ్లీషు అక్షరం ఒక్కటే తీసుకుంటుంది. జీమెయిల్ సుమారు 102 కిలోబైట్లు దాటిన జాబును మధ్యలో కత్తిరించి, మిగిలినది చూడాలంటే వేరే నొక్కమంటుంది. పాత జవాబులన్నీ మోసుకొచ్చే తెలుగు జాబు ఆ హద్దుకు త్వరగా చేరుతుంది.

నేను పాటించే పద్ధతి చెబుతాను. ఎవరి ఏ మాటకు జవాబు చెబుతున్నానో ఆ రెండు మూడు పంక్తులు ఉంచి, పైన ‘ఫలానా వారు రాశారు’ అని పెట్టి, వాటి కింద నా మాట రాస్తాను. మిగిలినదంతా తీసివేస్తాను. ఎవరికైనా మొత్తం కావాలంటే, గుంపు పాత జాబులన్నీ దాచి ఉంచే భాండాగారంలో ఆ జాబు ఉండనే ఉంది.

పొలంగట్టు_మాస్టారు

లకుముకి బాబు చెప్పినది సబబుగానే ఉంది. అయినా నా అనుమానం ఒకటి దాచకుండా చెబుతాను. నా వయసు డెబ్బై రెండు. నేను జాబులు రాసేది ఫోనులోనే. ఫోనులో జవాబు నొక్కినప్పుడు కింద మూడు చుక్కలు తప్ప నాకేమీ కనబడదు. ఆ చుక్కల వెనక ఎనిమిది మంది జాబులు నా పేరు మీద మళ్లీ వెళుతున్నాయని ఇవాళ గూడబాతు గారు చెప్పేదాకా నాకు తెలియదు. ఆ దసరా జాబు రాసినది నేనే.

నన్ను బాధపెట్టేది ఏమిటంటే, ఇలాంటి నియమాలు ఎప్పుడు పెట్టినా మొదట మానేసేది పల్లెటూళ్లలో ఉండి చెరువును రోజూ చూసేవాళ్లే. శీర్షిక ఇలా ఉండాలి, తేదీ అలా ఉండాలి, పాతది కత్తిరించాలి అని పది మాటలు చెబితే, తప్పు రాస్తామేమోనన్న భయంతో వాళ్లు అసలు రాయరు. కత్తిరించడం తెలిసి పక్షిని చూడనివాళ్ల జాబులు మాత్రం మిగులుతాయి. నేను ముప్పై ఏళ్లు బడిలో పాఠం చెప్పాను. ఎర్ర సిరాతో దిద్దిన పిల్లవాడు మరునాడు చిన్న వాక్యం రాస్తాడు, ఆ మరునాడు అదీ రాయడు. ఈ సంగతి మీరంతా మనసులో పెట్టుకుని ఆలోచించాలి.

వేకువ_కూత

మాస్టారూ, మీ మాట నాకు అర్థమైంది. నా వైపు నుంచి కూడా ఒక మాట వినండి. నాకు చూపు లేదు. పక్షులను కూతను బట్టి గుర్తుపడతాను, జాబులను కంప్యూటరు చదివి వినిపిస్తుంది. తెలుగును బిగ్గరగా చదివే ఉచిత సాధనాలు ఇప్పుడు ఉన్నాయి కాబట్టి మీరందరూ రాసేది నేను ఇంట్లో కూర్చుని వినగలుగుతున్నాను.

కంటితో చదివేవారు పాత భాగాన్ని ఒక్క చూపులో దాటేస్తారు. చెవికి అలా దాటడం కుదరదు. ఆ పాత భాగంలో ప్రతి పంక్తి మొదట ఉండే > గుర్తును నా సాధనం ‘గ్రేటర్’ అని చదువుతుంది. ఐదుసార్లు జవాబులు పడిన జాబులో ప్రతి పంక్తికీ ‘గ్రేటర్ గ్రేటర్ గ్రేటర్ గ్రేటర్ గ్రేటర్’ అని విన్నాక ఆ పంక్తిలోని మాట వస్తుంది. ఆ గుర్తులను చదవవద్దని సాధనానికి చెప్పవచ్చు. అప్పుడు ఏది కొత్త మాటో, ఏది ఎవరి పాత మాటో తెలియదు. లకుముకి గారు చెప్పినట్టు ‘ఫలానా వారు రాశారు’ అన్న వాక్యం ఉంటే గుర్తులు లేకపోయినా నాకు సరిపోతుంది.

తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన జాబులు నాకు అసలు అందవు. సాధనం వాటిని ఇంగ్లీషు మాటలనుకుని చదువుతుంది. ‘గూడబాతు’ అన్న మాట ఏ రూపంలో బయటికి వస్తుందో నేను ఇక్కడ రాయలేను. ఇక తెలుగు రాసిన కాగితాన్ని ఫొటో తీసి పెట్టిన జాబులో నాకు వినబడేది బొమ్మ ఫైలు పేరు మాత్రమే. రెండు నెలల కిందట ఎవరో పులికాట్ నుంచి రాజహంసల గురించి రాసిన పేజీని అలాగే పంపారు. అందరూ దాన్ని మెచ్చుకుంటూ ఇరవై జవాబులు రాశారు. ఇరవైయ్యీ విన్నాను గాని, వాళ్లు మెచ్చుకున్నది ఏమిటో నాకు ఈ రోజుకీ తెలియదు.

నియమం అంటే భయపడేవారు ఉంటారన్నది నిజమే. దయచేసి దీన్ని నియమం అనుకోకుండా, పక్కన కూర్చున్న మనిషికి వినబడేలా మాట్లాడడం అనుకోండి.

పొలంగట్టు_మాస్టారు

అమ్మా, లేదా బాబూ, మీరెవరో తెలియదు. పులికాట్ పేజీ పంపినది నా శిష్యుడు. వాడి చేత రేపే తెలుగులో టైపు చేయించి పంపిస్తాను.

కొల్లేటి_గట్టు

బొమ్మల సంగతి వచ్చింది కాబట్టి, అక్షరాల గురించి నాలుగు మాటలు. మన భాండాగారంలో మూడు రకాల తెలుగు ఉంది. ఒకటి యూనికోడ్. రెండవది ఇంగ్లీషు అక్షరాల తెలుగు. ఇందులో ఆర్‌టీఎస్ (ఏ తెలుగు అక్షరానికి ఏ ఇంగ్లీషు అక్షరం వాడాలో నిర్ణయించిన) పద్ధతి తెలిసి శ్రద్ధగా రాసినవి కొన్ని, చెవికి తోచినట్టు రాసినవి ఎక్కువ. మూడవది అచ్చు పనికి వాడే పాత డీటీపీ ఖతుల్లో (ఫాంట్లలో) టైపు చేసి అతికించినది. అలాంటి ఖతుల్లో తెలుగు అక్షరం కంటికి మాత్రమే తెలుగు, లోపల ఉన్నది ఇంగ్లీషు గుర్తే. ఖతి లేని యంత్రంలో తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి. వీటిని యూనికోడ్‌లోకి మార్చే పనిముట్లు ఉన్నాయి గాని, ఒత్తులు చెదిరిపోకుండా చూసుకుంటూ ఒక్కొక్క జాబునూ చేతితో సరిచూడాలి. ఆ పనిలో నేను పాలుపంచుకుంటాను.

యూనికోడ్‌లో రాసిన జాబులు కూడా వెతికితే దొరకకపోవడానికి వేరే కారణం ఉంది, అది పేర్లు. మనం తెల్లగా పొడుగు కాళ్లతో నిలబడిన ప్రతి పక్షినీ కొంగ అంటాం. తేలుకుంచికి వచ్చే నత్తగుల్ల కొంగను ఒకరు అలాగే రాశారు, మరొకరు చిల్లుముక్కు కొంగ అన్నారు, ఇంకొకరు ఓపెన్‌బిల్ అన్నారు, నలుగురైదుగురు ఊరికే కొంగలు అన్నారు. ‘గూడబాతు’ అని కలిపి వెతికితే ‘గూడ బాతు’ అని విడగొట్టి రాసినవి రావు. ఊరి పేర్లను తీసేయమని నేను ఎప్పటికీ అనను. ఎందుకంటే ఆ పేర్లే మనకు దారి చూపినవి. 1900 తరవాత ఎవరికీ కనబడక అంతరించిపోయిందనుకున్న కలివి కోడి 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరకడానికి, ఆ పక్షిని ఎరిగిన స్థానికుల సాయమే ఆధారమయింది. కాబట్టి మీ ఊళ్లో ఏమంటారో అదే రాయండి. దాని పక్కన ఒక్కసారి శాస్త్రీయ నామం కూడా వేయండి: నత్తగుల్ల కొంగ, అనాస్టోమస్ ఆసిటాన్స్. శాస్త్రీయ నామం తెలియనివారు ఊరి పేరు రాస్తే చాలు, తెలిసినవారు జవాబులో చేర్చవచ్చు.

దూరాన_పాలపిట్ట

గూడబాతు గారు చెప్పిన 05/03 జాబు నాదేనేమోనని అనుమానంగా ఉంది. ఇక్కడికి వచ్చి పదహారేళ్లయింది. ఆఫీసులో నెల ముందు వేసి వేసి చేతికి అదే అలవాటైపోయింది. పాత నోటుపుస్తకాలు అటక మీద పెట్టెలో ఉన్నాయి, శనివారం తీసి చూసి చెబుతాను. ఇకముందు నెల పేరును అక్షరాల్లో రాస్తాను. ‘5 మార్చి’ అని రాస్తే ఏ దేశంలో ఉన్నవారికైనా ఒకటే అర్థమవుతుంది.

నా తప్పు ఇంకొకటి కూడా ఉంది. ఈబర్డ్‌లో (చూసిన పక్షులను నమోదు చేసే వెబ్‌సైటు) నమోదు చేసిన జాబితాను ఉన్నదున్నట్టు గుంపుకు అతికిస్తూ వచ్చాను. యాభై రకాల పేర్లు, ఒక్కొక్కదాని పక్కన ఒక అంకె. ఆ యాభైలో నలభై ఏడు ఎప్పుడూ ఉండేవే. మిగిలిన మూడింటికోసం చదివేవారు యాభై పంక్తులు దిగాలి, వేకువ_కూత గారు యాభై పంక్తులు వినాలి. ఆ మూడింటి గురించి నాలుగు వాక్యాలు ముందు రాసి, జాబితాను అడుగున పెట్టి ఉండవలసింది.

లకుముకి

పాలపిట్ట గారు చెప్పినది మంచి పద్ధతి. ఒక చిన్న జాగ్రత్త కూడా చేరుస్తాను. కంప్యూటరు నుంచి రాసేవారు పంక్తి చివర ‘ఎంటర్’ నొక్కి విడగొట్టవద్దు. పాత రోజుల్లో ఒక్కో పంక్తి 65 అక్షరాలు దాటకూడదనేవారు, అది స్థిరమైన వెడల్పు ఉన్న ఇంగ్లీషు తెరలకు సరిపడిన మాట. తెలుగులో ఒత్తులూ గుణింతాలూ కలిసి ఒక అక్షరానికి మూడు నాలుగు సంకేతాలు అవుతాయి కాబట్టి ఆ లెక్క మనకు కుదరదు. అలా విరిచిన జాబు ఫోనులో ఒక పొడుగు పంక్తి, ఒక రెండు మాటల పంక్తి చొప్పున మెట్లు మెట్లుగా కనబడుతుంది. పేరా పూర్తయినప్పుడు మాత్రమే ఒక ఖాళీ పంక్తి వదిలితే చాలు, మిగిలినది చదివేవారి తెర చూసుకుంటుంది.

ఒంటరి_బాటసారి

శీర్షికలో ఊరి పేరు, తేదీ వేయాలంటున్నారు. అన్ని జాబులకూ అది పనికిరాదని నా అభిప్రాయం. అరుదైన పక్షి గూడు ఉన్న చోటు, గుడ్లగూబలు ఉండే చెట్టు, కలివి కోడి తిరిగే పొద వంటివి శీర్షికలో పెడితే, ఆ జాబు ఎవరి చేతికి ఎలా చేరుతుందో మనకు తెలియదు. ఫొటోల కోసం గూటి దగ్గర గుమికూడినవాళ్లను నేను చూశాను. తల్లి పక్షి అరుస్తూ చుట్టూ తిరుగుతూనే ఉంది, కెమెరాలు మాత్రం కదలలేదు. అలాంటి పక్షుల విషయంలో జిల్లా పేరు దాటి రాయకూడదు. చదవడానికి వీలుగా ఉండడం ఎంత ముఖ్యమో, ఏది రాయకుండా ఉండాలో తెలియడం అంతకంటే ముఖ్యమని నేను నమ్ముతాను.

గూడబాతు

ఒంటరి_బాటసారి గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నా పట్టికలో కూడా అలాంటి పక్షులకు జిల్లా పేరే వేస్తాను. అందరికీ తెలిసిన కొంగల ఊళ్లకు మాత్రం ఊరి పేరు ఉండాలి.

నిర్వాహకులు

అందరి మాటలూ శ్రద్ధగా చదివాము. మాస్టారు చెప్పిన భయాన్ని ముందు తీర్చాలి కాబట్టి ఒక సంగతి స్పష్టంగా చెబుతున్నాము. ఎవరి జాబునూ రూపం బాగాలేదన్న కారణంతో ఆపము, తిప్పి పంపము, గుంపులో పదిమంది ముందు తప్పు పట్టము. శీర్షిక సరిగా లేని జాబు వస్తే, సరైన శీర్షికతో కొత్త వరస మేమే మొదలుపెట్టి, అసలు రాసినవారి పేరుతోనే ఆ మాటలను అందులో ఉంచుతాము.

గుంపు పాదసూచిక ఇప్పటివరకు తొమ్మిది పంక్తులు ఉండేది, అది ప్రతి జవాబులోనూ పేరుకుపోతూ వచ్చింది. ఈ తప్పు మాది. నేటి నుంచి దాన్ని ఒక్క పంక్తికి తగ్గించాము. కొత్తగా చేరేవారికి వెళ్లే స్వాగత జాబులో ఈ మాటలు ఉంటాయి: ‘కొత్త సంగతికి కొత్త జాబు మొదలుపెట్టండి. శీర్షికలో పక్షి, ఊరు, తేదీ వేయండి, నెలను అక్షరాల్లో రాయండి. గూడు భద్రత ముఖ్యమైన పక్షులకు జిల్లా చాలు. జవాబులో మీకు కావలసిన రెండు పంక్తులు ఉంచి మిగిలినది తీసివేయండి. ఫోనులో మూడు చుక్కలు నొక్కితే ఆ భాగం కనబడుతుంది. తెలుగును తెలుగు అక్షరాల్లో రాయండి, వీలుకాకపోతే మాట్లాడి రికార్డు చేసి పంపండి, మేము టైపు చేస్తాము.’

చివరి వాక్యం పల్లెల్లో చెరువు దగ్గర ఉండే సభ్యుల కోసం. టైపు చేయడానికి ముగ్గురు సభ్యులు ఇప్పటికే ముందుకు వచ్చారు.

పొలంగట్టు_మాస్టారు

రికార్డు చేసి పంపవచ్చన్న మాట నాకు చాలా నచ్చింది. అయినా టైపు చేసే ప్రయత్నం చేశాను, గుంపుకు పంపేముందు ఇక్కడ పెడుతున్నాను. శీర్షిక: ‘నత్తగుల్ల కొంగలు, తేలుకుంచి, నేటి ఉదయం’. లోపల: ‘చింతచెట్టు మీద నాలుగు గూళ్లు కొత్తగా వేశాయి. పుల్లలు తెచ్చేది ఒకటి, అమర్చేది ఇంకొకటి. కింద పడిన పుల్లను మళ్లీ ఎత్తుకోవడం లేదు, కొత్తదానికోసం పోతున్నాయి. మిగిలిన సంగతి రేపు.’ సరిగా ఉందా?

వేకువ_కూత

ఒక్క గ్రేటర్ కూడా లేకుండా మొత్తం విన్నాను మాస్టారూ. ‘నేటి ఉదయం’ అన్నచోట తేదీ ఒక్కటి వేయండి. పడిన పుల్ల సంగతి నేను ఎప్పుడూ వినలేదు. రేపటి జాబులో అది ఇంకాస్త వివరంగా రాయండి.

దూరాన_పాలపిట్ట

పెట్టె దింపి 2019 నోటుపుస్తకం వెతికాను. నేలపట్టు పేజీలో నేను తేదీకి బదులు ఇలా రాసుకున్నాను: ‘నిన్న రాత్రి శ్రీకాళహస్తిలో జాగారం. నిద్ర లేదు. తెల్లవారి బయల్దేరి ఇక్కడికి.’ ఆ ఏడాది మహాశివరాత్రి మార్చి 4న వచ్చింది. కాబట్టి గూడబాతు గారూ, మీ పట్టికలో 5 మార్చి 2019 అని వేయండి.